ఆటగాని విలువ: లెక్కకు అందునది, అందనిది

ప్రతి సంవత్సరము క్రీడాజట్ల ఎంపిక జరుగు దినములలో మన కళాశాల నోటీసు బోర్డు ముందు విద్యార్థులు గుమిగూడి చేయు వాదము ఒక్కటే. "వాడు ఇన్ని పాయింట్లు చేసినాడు, వానిని ఎట్లు విడిచిపెట్టినారు?" అని కొందరు అడుగుదురు. "పాయింట్ల మాట అటుంచండి, వాడు కోర్టులో ఉంటేనే జట్టు నిలబడుతుంది" అని మరికొందరు బదులు చెప్పుదురు. ఉర్దూ విభాగపు మిత్రులు ఈ రెండవ పక్షమును 'దిల్ సే ఖేల్‌తా హై' అను ఒక్క మాటతో తేల్చివేయుదురు. ఆటగాని విలువను అంకెలు చెప్పునా, లేక అంకెలకు అందని గుణములు చెప్పునా అను ఈ ప్రశ్నను బాస్కెట్‌బాల్ ఆటను ముందుంచుకొని విచారింపదలచినాము.

ఇది కాలక్షేపపు చర్చ కాదు. రైల్వేలు, బ్యాంకులు, పోలీసు శాఖ వంటి సంస్థలు క్రీడాకారులను పిలిచి ఉద్యోగము లిచ్చుట మన నగరములో పాత సంప్రదాయము. కళాశాల జట్టులో స్థానము దొరికిన విద్యార్థికి విశ్వవిద్యాలయ జట్టుకు, అక్కడినుండి బ్రతుకు తెరువుకు ఒక దారి కనిపించును. స్థానము దొరకనివాడు సాయంకాలములు దుకాణములో కూర్చొనును. కావున ఎంపిక చేయువారు ఏ కొలతతో కొలుచుచున్నారో తెలిసి కొలుచుట అవసరము.

ఈ విషయమున మాకును కొంత బాధ్యత కలదు. కొన్ని సంవత్సరముల క్రిందట అంతర కళాశాలల పోటీకి బాస్కెట్‌బాల్ జట్టు జాబితా తయారు చేసినవారిలో మేమును ఉన్నాము. అంతకుముందు ఆడిన ఆటల స్కోరు పుస్తకము తెరచి, పాయింట్ల వరుసలో పేర్లు వ్రాసి, క్రింది పేర్లు కొట్టివేసినాము. పని అర్ధగంటలో ముగిసినది. కొట్టివేసిన పేర్లలో ఒకటి అడిక్‌మెట్ నుండి నడిచి వచ్చు ఒక విద్యార్థిది. పొడగరి కాదు, బుట్టలో బంతి వేయుట కూడ అంతంతమాత్రమే. అతడు లేని జట్టు మొదటి ఆటలోనే చెదరిపోయినది. బంతి పోయిన వెంటనే వెనుకకు పరుగెత్తువాడు లేడు. ఎవరు ఎవరిని కాయవలెనో కేక వేసి చెప్పువాడు లేడు. ఆ కేక అంతవరకు మా చెవులకు అల్లరిగానే వినిపించినది. అది ఆటలో భాగమని అది ఆగిపోయిన రోజుననే తెలిసినది. ఆ విద్యార్థి మరల అభ్యాసమునకు రాలేదు. ఓటమికి అతడు లేకపోవుటయే కారణమని ఒక్క ఆటను బట్టి రుజువు చేయలేము. కాని మేము చూడవలసిన దానిని చూడలేదన్నది మాత్రము నిజము.

ఈ ఆట పుట్టుకను ఒకసారి జ్ఞాపకము చేసుకొందము. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున, వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అను అధ్యాపకుడు చలికాలమున గది లోపల ఆడుకొనుటకు వీలైన ఆట నొకదానిని కల్పించినాడు. పీచ్ పండ్ల బుట్టలు రెండింటిని ఎత్తున తగిలించి, వానిలో బంతి వేయుమన్నాడు. వై.ఎం.సి.ఏ. ల ద్వారానే ఈ ఆట మన దేశమునకు వచ్చినది. మన నారాయణగూడ వై.ఎం.సి.ఏ. ఆవరణలోని కోర్టు ఆ సంబంధమునకు గుర్తుగా నేటికిని మన కళ్ళయెదుట ఉన్నది. నైస్మిత్ నాటి ఆటలో లెక్క ఒక్కటే: బంతి బుట్టలో ఎన్నిసార్లు పడినది? క్రమముగా ఎవరు వేసినారో వ్రాయుట వచ్చినది. తరువాత గురి తప్పి తిరిగివచ్చిన బంతిని ఎవరు అందుకొనినారో, అనగా రీబౌండు, ఎవరి పాస్ వలన బుట్ట పడినదో, అనగా అసిస్టు, వ్రాయసాగినారు. ఇట్లు లెక్క పెరుగుచు వచ్చినది. ఆట మాత్రము మొదటినుండియు లెక్క కంటె పెద్దదిగానే ఉన్నది.

ఈ వాదమునకు ప్రపంచమంతట చెప్పుకొను ఉదాహరణ విల్ట్ ఛాంబర్లేన్, బిల్ రస్సెల్ అను ఇద్దరు అమెరికా ఆటగాండ్రది. ఛాంబర్లేన్ 1962 మార్చి 2న ఒక్క ఆటలో 100 పాయింట్లు చేసినాడు. ఆ 1961-62 సంవత్సరమంతట అతని సగటు ఆటకు 50.4 పాయింట్లు. బాస్టన్ సెల్టిక్స్ జట్టులోని రస్సెల్ సగటు అదే సంవత్సరము 18.9 మాత్రమే. అయినను ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడెవరని అడిగినప్పుడు రస్సెల్‌కే బహుమానము దక్కినది. ఓటు వేసినవారు పత్రికలవారు కారు, అతనితోను అతనికి ఎదురుగాను ఆడిన ఆటగాండ్రు. రస్సెల్ ఆడిన 13 సంవత్సరములలో అతని జట్టు 11 సార్లు విజేత అయినది; ఛాంబర్లేన్ జట్లు అతని కాలమున రెండుసార్లు, 1967లోను 1972లోను గెలిచినవి.

ఇక్కడ 'చూచితిరా, అంకెలు అబద్ధము, ఆత్మబలమే నిజము' అని చప్పట్లు కొట్టువారు చాలమంది. మేము వారితో ఏకీభవింపము. రస్సెల్ చేసిన ముఖ్యమైన పని ప్రత్యర్థి వేయు బంతిని గాలిలోనే అడ్డుకొనుట. అడ్డుకొన్న బంతిని కోర్టు బయటకు కొట్టి జనముచేత కేకలు వేయించుట గాక, తోటి ఆటగాని చేతికి పడునట్లు మెల్లగా తట్టువాడు. అమెరికా వృత్తి ఆటగాండ్ర సంఘము ఈ అడ్డగింతలను అధికారికముగా లెక్క వ్రాయుట 1973-74లో మొదలుపెట్టినది. రస్సెల్ 1969లోనే ఆట విరమించినాడు. అనగా అతని ప్రధానమైన పనికి అతని కాలపు స్కోరు పుస్తకములో గడియే లేదు. చేతితో తట్టిన బంతి కంటికి కనబడును, చెవికి వినబడును; లెక్కించినచో లెక్కకును అందును. దానిని 'అగోచర గుణ'మని పిలిచినవారు నిజమునకు చెప్పినది ఆటను గురించి కాదు, తమ పుస్తకమును గురించి.

అమెరికాను విడిచి మన ఊరికి వత్తము. బాస్కెట్‌బాల్‌లో కంటె క్రికెట్టులో మన నగరమునకు పేరు ఎక్కువ. స్కోరు పుస్తకము మీద భక్తి కూడ ఆ ఆటకే ఎక్కువ. అందుచేత మన ప్రశ్నకు అక్కడ చక్కని పరీక్ష దొరకును. సయ్యద్ ఆబిద్ అలీ 1941లో హైదరాబాదులో జన్మించి, సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలులోను, ఆల్ సెయింట్స్ హైస్కూలులోను చదివినాడు. 1956లో హైదరాబాదు పాఠశాలల జట్టుకు అతనిని ఎంపిక చేసినది అతని బ్యాటింగు చూచి కాదు, బౌలింగు చూచి కాదు, ఫీల్డింగు చూచి. అప్పటి ఎంపికదారులకు మా వలె అర్ధగంట తొందర లేదు కాబోలు. తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు జట్టు ఏర్పడినప్పుడు అతనికి అందులో ఉద్యోగము దొరికినది. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో ఆస్ట్రేలియాపై ఆడిన మొదటి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు తీసినాడు. ఆ పర్యటనలోనే సిడ్నీ టెస్టులో 78, 81 పరుగులు చేసినాడు.

అయితే అతని మొత్తము లెక్క చూడుడు. 29 టెస్టులు; 1,018 పరుగులు, సగటు 20.36, 47 వికెట్లు, వికెట్టుకు 42.12 పరుగులు, 32 క్యాచులు. క్రికెట్టు తెలిసిన విద్యార్థి ఎవడైనను ఈ బౌలింగు సగటు చూచి పెదవి విరచును. కేవలము ఈ వరుసను చదివి జట్టును వ్రాయుమన్నచో, మేము ఆనాడు చేసినట్లే, ఆ పేరు కొట్టివేయుదురు. కాని 1971లో వెస్టిండీస్‌లోను ఇంగ్లండులోను భారతదేశము మొట్టమొదటిసారి సిరీస్ గెలిచినప్పుడు రెండు చోట్లను ఆ పేరు జట్టులో ఉన్నది.

దీనికి కారణము ఆ జట్టు నిర్మాణములో ఉన్నది. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్ అను నలుగురు స్పిన్ బౌలర్లమీద ఆ కాలపు జట్టు ఆధారపడినది. ఆబిద్ అలీ పని కొత్తబంతి మెరుపు తగ్గువరకు కొన్ని ఓవర్లు వేసి, బంతిని వారి చేతికి అప్పగించుట. వికెట్లు తీయుటకు అనుకూలమైన సమయము, అనుకూలమైన పిచ్చి రెండును వారివి. అతనిది కేవలము ముంగిలి ఊడ్చు పని. అయినను అవకాశము దొరికినప్పుడు, 1971లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో, మొదటి ఉదయముననే నాలుగు వికెట్లు తీసి ఇంగ్లండును 41 పరుగులకు 4 వికెట్ల స్థితికి తెచ్చినాడు.

బంతిని అప్పగించిన తరువాత అతడు బ్యాట్స్‌మన్ దగ్గర నిలిచి ఫీల్డింగు చేయువాడు. ఇక్కడ ఆలోచింపవలసిన విషయము కలదు. ఫీల్డరు నాలుగు పరుగులు పోవు బంతిని ఆపినచో ఆ నాలుగు పరుగులు ఎవరి లెక్కలో మిగులును? బౌలరు లెక్కలో. కష్టమైన క్యాచి పట్టినచో ఫీల్డరు పేరున ఒక క్యాచి పడును గాని, వికెట్టు బౌలరు పేరున పడి అతని సగటును బాగుచేయును. ఫీల్డరు దగ్గర ఉన్నాడన్న భయముతో బ్యాట్స్‌మన్ కొట్టని దెబ్బ, తీయని పరుగు ఏ లెక్కలోనూ పడవు. వికెట్ల మధ్య అతడు వేగముగా పరుగెత్తినప్పుడు కలసివచ్చు పరుగు ఒక్కొక్కసారి అవతలి బ్యాట్స్‌మన్ ఖాతాలో పడును. అనగా ఆబిద్ అలీ చేసిన పని వ్రాయబడకపోలేదు. వేరొకరి పేరున వ్రాయబడినది. ఉమ్మడి కుటుంబములో పెద్దకోడలు వండిన వంటకు ఇంటిపెద్ద పేరు వచ్చినట్లే ఇదియును. స్పిన్ బౌలర్ల గొప్పతనమును ఇందువలన తగ్గించి చెప్పుట లేదు. వారి సగటులలో ఫీల్డర్ల వంతు కొంత కలసియున్నదని మాత్రమే మా మాట.

1971 ఆగస్టు 24న ఓవల్ మైదానములో గెలుపు పరుగులు ఆబిద్ అలీ బ్యాటునుండియే వచ్చినవి. ఇంగ్లండు గడ్డపై మన దేశపు మొదటి టెస్టు విజయమది. కాని ఆ బౌండరీని అతని విలువకు రుజువుగా మేము చూపుట లేదు. అది ఆ క్షణమున క్రీజులో ఉన్నవానికి దక్కిన భాగ్యము. 2025 మార్చి 12న కాలిఫోర్నియాలో అతడు మరణించినప్పుడు చాలమంది తలచుకొన్నది ఆ దెబ్బనే. మేమైతే 1956లో ఫీల్డింగు చూచి ఆ బాలుని పేరు వ్రాసిన ఎంపికదారులను తలచుకొన్నాము.

బాస్కెట్‌బాల్‌లో దీనికి సరిపోలినది స్క్రీన్ అను పని. ఒక ఆటగాడు ప్రత్యర్థి దారిలో కదలక నిలిచి, తన తోటివానికి గురిచూచి వేయుటకు రెండడుగుల ఖాళీ కల్పించును. దెబ్బ తగులునది నిలిచినవానికి, రెండు పాయింట్లు వేసినవానికి. మేము కొట్టివేసిన విద్యార్థి ఆట మొత్తము చేసినది చాలవరకు ఇదే.

ఇంతవరకు చదివి, అంకెలను పక్కనబెట్టి పెద్దల అనుభవమునకే ఎంపికను విడిచిపెట్టుట మేలని ఎవరైన తలచినచో, తొందరపడవద్దని మా మనవి. దీనికి రెండవ ముఖము కలదు. 'వినయము కలవాడు', 'జట్టును కలుపుకొని పోవును', 'మంచి కుటుంబపు బాలుడు' అను మాటలు ఎంపిక గదిలో ఎన్నిసార్లు వినలేదు! ఈ మాటలకు కొలత లేదు. కొలత లేనిచోట సిఫారసు సులభముగా దూరును. చెప్పువాడు పెద్దవాడైనచో అడుగువాడుండడు. మేమే ఒక సంవత్సరము ఇట్టి మాట నమ్మి ఒక విద్యార్థిని జట్టులో చేర్చినాము. అతని గుణములలో ఒక్కటైనను కోర్టు మీద మాకు కనబడలేదు. సిఫారసు లేనివానికి, గట్టిగా మాటాడు బంధువు లేనివానికి స్కోరు పుస్తకమే వకీలు. మహమ్మద్ అజారుద్దీన్ ఆల్ సెయింట్స్‌లోను నిజాం కళాశాలలోను చదివి, 1984-85లో ఇంగ్లండుపై తన మొదటి మూడు టెస్టులలో మూడు శతకములు చేసినాడు. 110, 105, 122 అను ఆ మూడు అంకెల తరువాత అతని స్థానమును గురించి ఎవరి అభిప్రాయమునకును పని లేకపోయినది. మన కళాశాలలో చదువు విద్యార్థులలో ఎక్కువమంది సాధారణ కుటుంబములవారు. అంకెలను తేలికగా పారవేయుట వారి చేతిలోని ఒక్క కాగితమును పారవేయుటయే.

కాబట్టి మా అభిప్రాయము ఇది. అంకె సాక్షి వంటిది; తాను చూచినదానిని గురించి నిజము చెప్పును, చూడనిదానిని గురించి మౌనము వహించును. ఆ మౌనమును 'లేదు' అని అర్థము చేసికొనుట మొదటి తప్పు. ఆ మౌనమును మన ఇష్టాయిష్టములతో నింపుట రెండవ తప్పు. నిజముగా ఉన్న గుణము ఎక్కడో ఒకచోట ఆటలో జాడ విడువక మానదు. ఆ జాడను వెదకవలెను. ఎవరైన ఒక ఆటగానిలో కంటికి కనబడని గొప్పతనమున్నదని చెప్పినప్పుడు, 'ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేసినాడు?' అని అడుగవలెను. జవాబు వచ్చినచో వ్రాసికొనవలెను. రానిచో ఆ గొప్పతనమును కొంతకాలము వాయిదా వేయవచ్చును.

జాడ వెదకుటకు ఒక సులభమైన పద్ధతి కలదు. ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపు తన జట్టు చేసిన పాయింట్లనుండి ప్రత్యర్థి జట్టు చేసిన పాయింట్లను తీసివేయుట. దీనిని ప్లస్-మైనస్ అందురు. లెక్కల తరగతిలో వలె ఊహించి చూతము. నలుబది నిమిషముల ఆటలో మన జట్టు 64-65తో ఒక్క పాయింటు తేడాతో ఓడినదనుకొనుడు. 'క' అను ఆటగాడు ఆట మొత్తము ఆడి 22 పాయింట్లు చేసినాడు. 'చ' అనువాడు 28 నిమిషములు ఆడి 4 పాయింట్లు చేసినాడు. మరునాడు నోటీసు బోర్డుపై 'క' పేరు ఉండును. ఇప్పుడు లోపలికి చూడుడు. 'చ' ఉన్న 28 నిమిషములలో మన జట్టు 50, ప్రత్యర్థి 38. అతడు బెంచిపై కూర్చున్న 12 నిమిషములలో మన జట్టు 14, ప్రత్యర్థి 27. అతడున్నప్పుడు 12 ఎక్కువ, లేనప్పుడు 13 తక్కువ. పూర్తిగా ఆడిన 'క'కు వచ్చునది ఆట మొత్తపు తేడాయే, అనగా 1 తక్కువ. ఇంకొక మాట: 'క' 22 పాయింట్లు చేయుటకు 24 సార్లు బంతి విసిరినాడనుకొనుడు. రెండేసి పాయింట్ల చొప్పున 11 పడినవి, 13 తప్పినవి. నోటీసు బోర్డుపై ఆ 13 ఎక్కడ?

ఈ లెక్క చూచి వెంటనే 'చ'ను నెత్తిన ఎక్కించుకొనుట కూడ అవివేకమే. ఆ 12 నిమిషములలో ప్రత్యర్థి జట్టులోని ఉత్తమ ఆటగాండ్రు వచ్చియుండవచ్చును. మనవారిలో బలహీనులు కలసి ఆడియుండవచ్చును. బలమైన నలుగురితో ఎప్పుడును కలసి ఆడువాని ప్లస్-మైనస్ వారి పుణ్యమున పెరుగును. ఒక్క ఆట ఏమియు రుజువు చేయదు. పది ఆటలైనను జరిగినచో లెక్కకు కొంత గౌరవమీయవచ్చును. గణాంకశాస్త్రము చదువు విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాదు: తక్కువ నమూనా ఎక్కువ మాటలాడును.

ఈ మార్గమున అమెరికాలో చాలదూరము పోయినారు. షేన్ బాటియర్ అను ఆటగాని పాయింట్లు స్వల్పము, రీబౌండ్లు స్వల్పము. కాని అతడున్నప్పుడు జట్టు మెరుగుగా ఆడినది. 2009లో మైకేల్ లూయిస్ అను రచయిత అతనిపై ఒక దీర్ఘవ్యాసము వ్రాసి ఈ సంగతిని లోకమునకు తెలిపినాడు. కోబీ బ్రయంట్ వంటి మేటి ఆటగాడు కోర్టులో ఏ చోటినుండి వేసినప్పుడు తక్కువ సఫలుడగునో ముందే తెలిసికొని, బాటియర్ అతనిని ఆ చోటికి నెట్టుకొనిపోవును. బంతి విసరు సమయమున చేతిని అతని కళ్ళకు అడ్డముగా ఉంచును. బ్రయంట్ గురి తప్పినప్పుడు చూచువారు దానిని బ్రయంట్ దురదృష్ట మనుకొందురు. ఒకప్పుడు 'తెలివి' అని మాత్రమే అనదగిన గుణము ఇట్లు లెక్కలోనికి వచ్చినది.

మన నగరమున ఇంతకంటె ముందే, యంత్రములేవియు లేక, ఇట్టి చూపు కలిగిన ఉపాధ్యాయుడు ఉండెను. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడు. కాచిగూడ మాధ్యమిక పాఠశాలలో పనిచేసినవాడు, అనగా మన అడిక్‌మెట్‌కు పొరుగువాడే. 1950 నుండి 1963లో మరణించువరకు హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టుకును, భారత జట్టుకును శిక్షణ నిచ్చినాడు. ఆ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు నాలుగవ స్థానము పొందినది. రహీం తన ఆటగాండ్రకు పెట్టిన అభ్యాసములలో ఒకటి, బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో ఆడించు పోటీ. కుడికాలివాడు ఎడమకాలితో ఆడవలెను. మామూలు ఆటలో దాగియుండు లోపమును, దాగియుండు నేర్పును బయటకు రప్పించుటకు ఆయన ఒక కొత్త ఆటనే సృష్టించినాడన్నమాట. కనబడని గుణమును గురించి ఉపన్యసించుట వేరు, అది కనబడునట్లు ఏర్పాటు చేయుట వేరు.

1962 జకార్తా ఆసియా క్రీడలలో డిఫెండరు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. రహీం అతనిని సెమీఫైనలులో సెంటర్ ఫార్వర్డుగా దింపినాడు. దక్షిణ వియత్నాంపై ఒక గోలు, ఫైనలులో దక్షిణ కొరియాపై ఒక గోలు అతడు చేసినాడు. భారతదేశము 2-1తో బంగారు పతకము పొందినది. ఒక డిఫెండరు పూర్వపు గోళ్ళ లెక్క ఈ నిర్ణయమునకు సహాయపడదు. అట్లని అది గుడ్డి నమ్మకమును కాదు. ఏండ్ల తరబడి ఆటగాండ్రను ప్రతిదినము చూచిన కన్ను చేసిన లెక్క అది. ఆ కన్ను రహీం వంటివానికి ఉండును. మనవంటి వారికి కాగితము, పెన్సిలు కావలెను.

అంకెలు చెప్పలేనిది నిజముగా ఏదైన మిగులునా? మిగులును, ముఖ్యముగా సమయము. 2010 అక్టోబరులో మొహాలీలో ఆస్ట్రేలియాపై 216 పరుగులు చేయవలసియుండగా భారతజట్టు 124కు 8 వికెట్లు పోగొట్టుకొన్నది. మన వి.వి.ఎస్. లక్ష్మణ్ వెన్నునొప్పితో, రన్నరు సహాయముతో, బౌలరైన ఇషాంత్ శర్మను తోడుగా ఉంచుకొని 81 పరుగులు జోడించినాడు. తానై 73 పరుగులతో అజేయముగా నిలిచి, ఒక్క వికెట్టు తేడాతో గెలిపించినాడు. పుస్తకములో అది 73 మాత్రమే; గెలుపు ఖాయమైన ఆటలో చేసిన 73కును దానికిని సగటు తేడా చూపదు. ఇషాంత్ శర్మ చేసిన 31 పరుగులలో అవతలివాని ధైర్యమెంతయో విభజించి చూపు లెక్క మాకు తెలియదు. ఏ స్థితిలో, ఎవరు తోడుండగా ఆ పరుగులు వచ్చినవో ప్రక్కన ఒక వాక్యము వ్రాసియున్నచో మాత్రము, ఇరువది ఏండ్ల తరువాత చదువువానికి కూడ అది తెలియును.

కళాశాల కమిటీవారికి మేము చేయు విన్నపము చిన్నది, ఖర్చు ఒక నోటుపుస్తకము. బాస్కెట్‌బాల్ జట్టుకు ఇప్పుడున్న స్కోరు పుస్తకముతోబాటు రెండవ పుస్తకమొకటి ఉంచవలెను. ఆటగాడు ఏ నిమిషమున కోర్టులోనికి వచ్చినాడో, ఏ నిమిషమున బయటకు పోయినాడో, ఆ రెండు క్షణములలో స్కోరు ఎంతయో అందులో వ్రాయవలెను. ప్లస్-మైనస్‌కు అంతకంటె అక్కరలేదు. తప్పిన బంతులను కూడ పడినవాని పక్కనే వ్రాయవలెను. స్క్రీన్లు, నేలపై పడి అందుకొన్న బంతులు, తాను కాచిన ప్రత్యర్థి చేసిన పాయింట్లు వ్రాయుట కొంత కష్టము. అన్నియు ఒక్కడే వ్రాయలేడు. అందుకు ఇద్దరిని కూర్చుండబెట్టవలెను. ఒకరు గణాంకశాస్త్ర విద్యార్థి, ఇంకొకరు ఆట తెలిసి ఆ రోజు ఆడనివాడు. ఒకరు తెలుగులో, ఇంకొకరు ఉర్దూలో వ్రాసికొనినను చిక్కులేదు; అంకెలు రెంటికిని ఒక్కటే. ఇద్దరును విడివిడిగా వ్రాసి, ఆట ముగిసిన తరువాత పోల్చి చూడవలెను. వారి వ్రాతలు ఎక్కడ కలియవో, ఎంపిక గదిలో మొదట చర్చింపవలసినది ఆ చోటినే.

ఈ సంవత్సరపు అభ్యాసము మొదలగునాటికి పుస్తకము సిద్ధముగా ఉన్నచో, మొదటి పుటలు వ్రాయుటకు మేము వచ్చి కూర్చుందుము. ఆనాడు మేము కొట్టివేసిన విద్యార్థి ఇప్పుడు చిక్కడపల్లిలో తండ్రి దుకాణము చూచుకొనుచున్నాడు. ఆట చూచి వ్రాయుటకు రమ్మని అడిగినాము. ఆదివారములైతే వీలగునన్నాడు.